చేబ్రోలు చన్నీళ్లు

గుంటూరు నుండి పొన్నూరుకు పోయే దారిలో నారాకోడూరు దాటితే చేబ్రోలు వస్తుంది. కాకతీయ గణపతిదేవుని సేనాని జాయప శాసనాలున్న ఊరు. శాతవాహన రాజు విజయుని కాలపు సంస్కృత శాసనం ఇక్కడ దొరికిందని 2019లో వెల్లడైనప్పుడు పత్రికలు ఈ ఊరి పేరు ప్రముఖంగా రాశాయి. నా మటుకు ఇది మా ఖాలా ఊరు. గత జనవరిలో అక్కడ గడిపిన పది రోజులలో నేను శాసనాలేవీ చూడలేదు, బట్టలు ఉతికాను.

ఖాలా ఇంట ఏడుగురు. వారిలో దాదీమా, అంటే ఖాలా అత్తగారు, పక్షవాతంతో మంచాన ఉన్నారు. ఫజ్ర్ నమాజు కాగానే పెరటి గోలెంలో దుప్పట్లు, లుంగీలు, పిల్లల యూనిఫారాలు ఎదురుచూస్తుంటాయి. ఆ వేళ నీటిలో చేయి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి.

“నీళ్లు కాచుకుందాం ఖాలా” అన్నాను.

“ఇందరి బట్టలకు కాస్తూ కూర్చుంటే గ్యాసు బండ ఎన్నాళ్లు వస్తుందమ్మా? పైగా అన్ని మరకలకూ వేడి పనికిరాదు” అన్నారామె.

ఆ రెండవ మాట మూడవనాటికి గాని నాకు బోధపడలేదు. మనవడు ఆటలో పడి మోకాలు చీరుకుంటే, నెత్తురంటిన తెల్ల పైజమా మీద నేను మరిగే నీళ్లు పోశాను. రక్తంలోని మాంసకృత్తులు వేడికి గుడ్డు తెల్లసొనవలె గట్టిపడి నూలుపోగులను పట్టుకుంటాయి. ఆ మరక గోధుమరంగులో నిలిచిపోయింది. వెంటనే చన్నీళ్లలో నానవేసి రుద్దితే పోయేదే. వస్త్రానికి ఋతురక్తం అంటితే ఏం చేయాలని ఒక స్త్రీ అడిగినప్పుడు, దానిని గీకి, నీళ్లతో రుద్ది, కడిగి, అదే వస్త్రంతో నమాజు చేసుకోవచ్చని దైవప్రవక్త (సల్లం) తెలిపినట్లు హజ్రత్ అస్మా (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. అక్కడ వేడినీటి ప్రస్తావనే లేదు.

జిడ్డు దిండు గలేబులకు మాత్రం చన్నీళ్లు చాలవు. సబ్బు రాసి చాలాసేపు నాననివ్వాలి. సబ్బుపొడి చల్లని నీటిలో సరిగా కరగదు గనుక ఖాలా దానిని చెంబెడు గోరువెచ్చని నీటిలో కలిపి గోలెంలో పోసేవారు. బోరు నీరు గడుసుది. నురగకు బదులు తెట్టు కడుతుంది. కొమ్మమూరు కాలువ నీరు మెత్తనిది. కోడలుగా వచ్చిన కొత్తలో ఆమె రేవుకే వెళ్లేవారట. దిగువన ఎవరో ఆ నీరే తాగుతారన్న తలంపుతో మానుకున్నారు. ప్రజలు నీరు తీసుకునే తావులను మలినపరచరాదన్న ప్రవక్త హెచ్చరిక ఆమెకు బాగా తెలుసు.

ఇంత శ్రమా దాదీమా కోసమే. బట్టలు తడిసిపోతున్నాయని, అపరిశుభ్రతలో నమాజు చెల్లదని ఆమె నెలల తరబడి నమాజే మానివేశారు. శక్తికి మించిన భారం అల్లాహ్ మోపడని మసీదు ఇమాముగారు వచ్చి చెప్పినా ఆమె మనసు కుదుటపడలేదు. అప్పటినుండి ఖాలా రోజుకు రెండు పూటలా ఆమె బట్టలు వేరుగా ఉతికి, నురగ పోయేదాకా జాడించి, ఎండలో ఆరవేయసాగారు.

పాపాలను నీటితో, మంచుతో, వడగళ్లతో కడిగివేయమని ప్రవక్త (సల్లం) వేడుకున్న దుఆ ఒకటుంది. కొంకర్లు పోయిన వేళ్లతో బట్టలు పిండుతుంటే ఆ చలవ అర్థం నాకు కాస్త దగ్గరైంది.

నేను బయలుదేరిన రోజు దండెం మీది తెల్ల దుపట్టా ఇంకా కొంచెం చెమ్మగా ఉంది. జుహ్ర్ అజాన్ వినిపించింది. “ఆరిందా?” అని లోపలినుండి దాదీమా అడిగారు. “ఇంకొక్క అయిదు నిమిషాలు అత్తమ్మా” అంటూ ఖాలా దానిని ఎండవైపు తిప్పారు.