నిద్రకై విశాఖయాత్ర

తీర్థయాత్రలను గూర్చియు, క్షేత్రమాహాత్మ్యములను గూర్చియు మీరు పెక్కు వ్యాసములు చదివి యుందురు. నేను వ్రాయబోవు యాత్ర పుణ్యమునకై చేసినది కాదు; నిద్రకై చేసినది. నా ముక్కునకు సరిపోవు నొక మాస్కును వెదకికొనుచు మేము కోనసీమనుండి విశాఖపట్టణమునకు బోయి వచ్చితిమి. ఇది నవ్వదగిన విషయముగా మీకు దోచవచ్చును. గురకపెట్టు స్త్రీనని నలుగురిలో జెప్పికొనుటకు నేనును రెండేండ్లు సిగ్గుపడితిని. ఆ సిగ్గు నా ప్రాణమునకే గాక నా బిడ్డ ప్రాణమునకును ముప్పు దెచ్చినది గావున నిప్పుడు దాచక వ్రాయుచున్నాను.

చిన్ననాడు మా తండ్రిగారు రామాయణము చెప్పుచు, కుంభకర్ణుని లేపబోయిన రాక్షసులు వాని నిశ్వాసమునకు నిలువలేకపోయిన ఘట్టమున మమ్ము కడుపుబ్బ నవ్వించెడివారు. ఆ నవ్వు నాకే తగులునని యెరుగనైతిని. ముప్పదిమూడవ యేట నాకు గురక హెచ్చినది. రాత్రి యెనిమిది గంటలు పండుకొన్నను దెల్లవారునప్పటికి తలనొప్పి, నోరెండుట, ఒడలి బరువు. పగలు భాగవతము విప్పి కూర్చున్నచో నొక పద్యము ముగియకుండగనే కునుకు. ఇంటిపనివలని యలసట యని యందరు ననిరి. నేనును అట్లే యనుకొంటిని. మావారు మాత్రము, "గురక నడుమ నీ యూపిరి నిలిచిపోవుచున్నది. మరల నెప్పుడు వచ్చునా యని నేను మేలుకొని లెక్కపెట్టుచున్నాను" అని చెప్పిరి.

ఒక వైద్యశాలలో నన్నొక రాత్రి పండుకొనబెట్టి, తలకును ఱొమ్మునకును తీగెలు తగిలించి, వ్రేలికి రక్తములోని ప్రాణవాయువును గొలుచు చిన్న సాధనమును దొడిగి పరీక్షించిరి. వ్యాధిపేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతుక కండరములు సడలి శ్వాసమార్గము మూసికొనిపోవును. ఊపిరి పది సెకనులో, అంతకు మించియో నిలిచిపోవును. మెదడు బెదరి లేపును. మరల నిద్ర, మరల నిరోధము. గంట కైదుకంటె తక్కువ యైనచో దోషము లేదు. ముప్పదికి మించినచో వ్యాధి తీవ్రమైనది. నాకు 34 వచ్చినవి. యోగులు సాధనచే జేయు కుంభకమును నేను సాధన లేకయే రాత్రి యెల్ల జేయుచుంటిని! ఇది యుపేక్షించిన రక్తపుపోటును, గుండెజబ్బును దెచ్చునని వైద్యులు చెప్పిరి. స్త్రీలలో బిగ్గరగా గురక లేకున్నను, అలసట, తలనొప్పి, నిద్రపట్టకపోవుట మాత్రమే చిహ్నములుగా నుండవచ్చుననియు, ముట్లుడిగిన పిదప నీ వ్యాధి హెచ్చుననియు గూడ జెప్పిరి.

దీనికి సీపాప్ అను యంత్రము కలదు. అది గాలిని కొంచె మొత్తిడితో గొట్టముద్వారా ముక్కులోనికి బంపి, గొంతుక మూసికొనిపోకుండ నిలుపును. యంత్రమును మాకు దగ్గరి పట్టణమున నొక యంగడిలో గొంటిమి. అంగడివాడు ముక్కును నోటిని గూడ గప్పు పెద్ద మాస్కు నొకటి చేతికిచ్చి, "అందరికి నిదియే" యనెను. కొలత చూచినవాడు కాడు. మొదటి రాత్రియే గాలి కన్నులలోనికి గొట్టెను. పట్టెలు బిగించితిని, ముక్కుదూలము కందిపోయెను. ఇంకను బిగించితిని, పుండు పడెను. నాలుగవ నాడు యంత్రమును బీరువాలో బెట్టి తాళము వేసితిని. "నాకీ యోగము లేదు" అని మావారితో నంటిని. వారేమియు ననక తమ పఱుపు వసారాలోనికి దీసికొనిపోయిరి.

మూడు నెలలు గడచినవి. ఒక సాయంకాలము పొయ్యిమీద పాలు పెట్టి గోడకు జేరగిలబడి కూర్చుంటిని. కన్ను మూతపడినది నే నెరుగను. పాలు పొంగి మంట నార్పివేసినవి. గ్యాసు వచ్చుచునే యున్నది. ఎనిమిదేండ్ల మా పాప బడినుండి వచ్చి, వాసన కనుమానపడి, పొయ్యి మర కట్టి, కిటికీలు తెఱచి, నన్ను గుదిపి లేపినది. "అమ్మా! ఎన్నిసారులు పిలిచినను పలుకవేమి?" అని యేడ్చినది. ఆ రాత్రి నేనే మావారితో, "విశాఖపట్టణమున మాస్కులు తగిలించి చూచి యిచ్చుచోటు కలదని మీ రంటిరి గదా, పోదము" అంటిని.

శనివారము వేకువను బయలుదేరితిమి. రావులపాలెము దాటగనే గౌతమీ వంతెన. మంచులో నది తెల్లని చీర పఱచినట్లుండెను. రాజమహేంద్రవరమున రైలెక్కితిమి. అచ్చటినుండి విశాఖకు సుమారు 200 కిలోమీటర్లు. పంచారామములలో నొకటియైన భీమేశ్వరాలయముగల సామర్లకోట దాటితిమి. అన్నవరము రత్నగిరికి బండిలోనుండియే చేతులు జోడించితిమి. తుని దాటినపిమ్మట నెడమప్రక్కను కొండలు మాతో బరుగిడసాగినవి. బెల్లపు సంతకు బేరుగన్న అనకాపల్లి వచ్చునప్పటికి నేను నిద్రలో నుంటిని. ఎదుటి బల్లమీది పిల్లలు నా గురక విని నవ్వుచుండగా మా పాప వారితో, "మా అమ్మకు జబ్బు, నవ్వరాదు" అని తగవాడినదట. ఈ సంగతి మావారు తరువాత జెప్పిరి.

చికిత్సాలయమున నొక యువతి మమ్ము గూర్చుండబెట్టి పాత మాస్కును జూచి, "అమ్మా, ఇది మీ ముఖముకంటె రెండు కొలతలు పెద్దది. పెద్దదానిని ఎంత బిగించినను గాలి కారును" అనెను. కాగితపు కొలబద్దతో ముక్కు వెడల్పు చూచెను. పిదప నన్ను మంచముపై బండుకొనబెట్టి, యంత్రము నడిపించియే మాస్కులు తగిలించెను. కూర్చున్నప్పుడు సరిపోయినది పండుకొన్నప్పుడు సరిపోదట. చెక్కిళ్ల కండ జారి ముఖాకారము మారునట. మాస్కు అంచు గాలిచే నుబ్బి తానే ముఖమున కంటుకొనవలెను. పట్టెలు దానిని నిలిపి యుంచుటకే కాని యదుముటకు గాదు.

మొదట ముక్కుపుటముల కానించు చిన్న దిండ్లవంటి దానిని బెట్టెను. తేలికయే కాని, నా ముక్కుపుడకకు రాచుకొని మండెను. తరువాత ముక్కును మాత్రము గప్పు చిన్న కొలత మాస్కు పెట్టెను. అది చక్కగా నమరెను; అయినను పుడకయున్న ప్రక్క నొత్తుకొని గాలి సన్నగా నీల వేయసాగెను. "రాత్రులు పుడక తీయగలరా, అమ్మా?" అని యామె మెల్లగా నడిగెను.

నా కేమియు దోచలేదు. అది మా అత్తగారు నా పెండ్లినాడు తమ చేతులతో బెట్టిన పుడక. ముత్తైదువ పుడక తీయరాదని వారి పట్టుదల. మావారు ఫోనుచేసి నాకే యిచ్చిరి. నేను తడబడుచు విషయము చెప్పితిని. అవతల కొంతసే పేమియు వినబడలేదు. పిదప అత్తగారు, "ఊపిరాడు ముక్కునకే గదే పుడక యందము! తీసి కుంకుమబరిణెలో బెట్టుకొని నిద్రపొమ్ము. తెల్లవారి స్నానము చేసి పెట్టుకొనవచ్చును" అనిరి. నేను వేయి మాటలు సిద్ధము చేసికొంటిని, ఒకటియు నక్కరలేకపోయెను. పుడక తీసి పండుకొంటిని. ఈల యాగిపోయెను.

ఆ యువతియే యొక ముచ్చట చెప్పినది. ఈ చికిత్సను ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అను వైద్యుడు కనిపెట్టి 1981లో లోకమునకు దెలిపెను. తొలి రోగులకు ముక్కుకొలత దీసి యొక్కొక్కరికి వేఱు మాస్కు చేసి, ప్రతి రాత్రియు జిగురుతో నంటించెడివారట! అది విని నా పట్టెల బాధ నాకు జిన్నదిగా దోచినది.

మఱునాడు రామకృష్ణా బీచికి బోయి కుర్సురా జలాంతర్గామిని జూచితిమి. 1969 నుండి 2001 వఱకు మన నౌకాదళమున బనిచేసి, 2002లో ఒడ్డున బ్రదర్శనశాల యైనది. పొడవు 91 మీటర్లు. లోపల నడవవలె నిఱుకైన దారి. యంత్రముల నడుమ నరలవంటి పడకలు. నీటి కడుగున బ్యాటరీలతో నడచుననియు, ఉపరితలమునకు దగ్గరగా వచ్చి గొట్టము పైకెత్తి గాలి పీల్చి డీసెలు యంత్రములు నడపుకొనుననియు మావారు బడిలో పాఠము చెప్పినట్లు చెప్పిరి. పాప కొంత యాలోచించి, "అమ్మ వలెనే!" అనినది. చుట్టునున్నవారు తిరిగి చూచిరి. ఈసారి నాకు సిగ్గు గలుగలేదు.

ఇల్లు చేరి నెల యైనది. మొదటి వారము మధ్యాహ్నము పూట పుస్తకము చదువుకొనుచు మాస్కు ధరించి యలవాటు చేసికొంటిని. పండుకొనుటకు ముందు ముఖమునకు నూనె, క్రీము లేకుండ గడిగికొందును. జిడ్డున్న మాస్కు జారును. ఉదయము దానిని మెత్తని సబ్బునీట గడిగి నీడ నారబెట్టుదును. ముడి చుట్టుకొన్నచో వెనుక పట్టె పైకి లేచిపోవుచుండుటచే జడ వదులుగా నల్లికొనుచున్నాను. ముక్కు రంపముగా నుండి నోటితో నూపిరి పీల్చువారికి నా మాస్కు పనికిరాదు. వారికి నోటినిగూడ గప్పునదియే మేలు. కావున పొరుగింటివారికి సరిపోయినది కొనకుడు. పండుకొనబెట్టి తగిలించి చూపువారియొద్దనే కొనుడు.

నా నిద్ర యెట్లున్నదని మీ రడుగుదురేమో. పది దినముల క్రిందట నొక రాత్రి మావారి పఱుపు వసారానుండి తిరిగి గదిలోనికి వచ్చినది. యంత్రము చప్పుడు మీకు గష్టము కాదా యని యడిగితిని. "ఎడతెగక వినబడు చప్పుడు గదా; ఇక లెక్కపెట్టనక్కరలేదు" అని వారు ప్రక్కకు దిరిగి నిద్రపోయిరి. నేను పుడకను బరిణెలో బెట్టి దీప మార్పితిని.