కడియం మొక్కలు, కొబ్బరిపీచు కుండీలు

పిల్లలూ! ఈసారి మనం కడియం వెళ్ళి వద్దాం. రాజమండ్రికి దగ్గరలో, గోదావరి కాలువ పక్కన వున్న వూరది. అక్కడా, కడియపులంకలోనూ ఎటు చూచినా మొక్కల తోటలే! మామిడి, జామ, గులాబి, ఏది కావాలన్నా దొరుకుతుంది.

దగ్గరకు వెళ్ళి చూడండి. చాలా మొక్కలు నల్లని ప్లాస్టిక్ సంచులలో పెరుగుతూ వుంటాయి. సంచి తేలిక, చవక. కాని మొక్క నాటేటప్పుడు దాన్ని చింపి పారవేయవలసిందే. ఆ ముక్కలు ఎండకు పెళుసెక్కి, నలిగి, ఏరడానికి వీలులేనంత చిన్నవై మట్టిలో వుండిపోతాయి. ఎందుకంటారా? ఆకునూ గడ్డినీ తిని మట్టిగా మార్చే సూక్ష్మజీవులు నేలలో కోట్లకొలది వున్నాయి. ప్లాస్టిక్ మాత్రం వాటికి లొంగదు.

మరి దీనికి ఉపాయం? గౌతమి పాయ దాటితే కోనసీమ. అక్కడ కొబ్బరి డొక్కలకు కొదవలేదు. ఆ పీచును రబ్బరుపాలతో అతికించి, అచ్చులో నొక్కితే కుండీ అవుతుంది. మొక్కను కుండీతో సహా నాటవచ్చు. వేళ్ళు పీచు సందులలోంచి బయటకు వస్తాయి. కుండీ మెల్లగా చివికి మట్టిలో కలిసిపోతుంది. ధర సంచికంటె ఎక్కువే. కాని సంచి చవక కొన్నవాడికే, నేలకు కాదు.

నమ్మకం కలగలేదా? ఒక ఆకునూ, ఒక ప్లాస్టిక్ ముక్కనూ పక్కపక్కనే తడిమట్టిలో పాతిపెట్టండి. మూడు నెలలకు తవ్వి, మీరే చూడండి!