ప్రశ్నకూ జవాబుకూ మధ్య

ఏదైనా నాలుగంకెల సంఖ్య తీసుకోండి. నాలుగూ ఒకే అంకె కాకుంటే చాలు. ఆ అంకెలను పెద్ద నుంచి చిన్నకు ఒకసారి, చిన్న నుంచి పెద్దకు ఒకసారి పేర్చి, పెద్ద సంఖ్యలోంచి చిన్నదాన్ని తీసేయండి. వచ్చినదానితో మళ్లీ అదే పని చేయండి. 2024తో మొదలుపెడితే 4220లోంచి 0224 పోగా 3996 వస్తుంది. దాన్నుంచి 6264, తర్వాత 4176, ఆపైన 6174. ఇక అక్కణ్ణుంచి కదలదు: 7641లోంచి 1467 తీసేస్తే మళ్లీ 6174 మిగులుతుంది. దేనితో మొదలుపెట్టినా మహా అయితే ఏడు మెట్లలో ఇక్కడికే చేరతాం. ఈ వింతను 1949లో పట్టుకున్నది నాసిక్ దగ్గరి దేవళాలీలో బడిపంతులుగా పనిచేసిన డి.ఆర్. కప్రేకర్. 1975లో మార్టిన్ గార్డ్‌నర్ 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలోని తన గణిత వినోద శీర్షికలో ఆయన గురించి రాశాక ఆ పేరు దేశాలు దాటింది. ఇవాళ 6174 మీద యూట్యూబ్‌లో వీడియోలకు కొదవ లేదు. కొద్ది నిమిషాల్లో చూసేసి ఔరా అనుకోవచ్చు. కానీ ఆ ఔరా దగ్గరే ఆగిపోతే పిల్లవాడికి మిగిలేది ఒక వార్త మాత్రమే. కాగితం ముందేసుకుని తనకు నచ్చిన సంఖ్యతో తీసివేతలు మొదలుపెట్టినప్పుడే అది లెక్క అవుతుంది. లెక్కల్లోని ఆనందమంతా ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉన్న వ్యవధిలోనే ఉంటుంది. వినోదం పేరుతో ఏం చేసినా ఆ వ్యవధిని మింగేయకూడదు.

లెక్కలంటే సాధన, ఈ సరదాలన్నీ కాలక్షేపం, పదో తరగతి పరీక్షలో 6174 అడగరు కదా అనేవాళ్లున్నారు. సాధన కావాలన్న మాట నూటికి నూరుపాళ్లూ నిజం. అయితే పుస్తకంలో ఉన్న పాతిక తీసివేతలను విసుగుతో చేసే పిల్లే, కప్రేకర్ చెప్పినది తప్పని రుజువు చేయాలన్న పట్టుదలతో అంతకు రెట్టింపు తీసివేతలు చేస్తుంది. అప్పు తెచ్చుకోవడంలో పొరపాటు జరిగి ఏడు మెట్లు దాటినా 6174 రాకపోతే, ఎక్కడ తప్పిందో తనే వెనక్కి వెళ్లి వెతుక్కుంటుంది. అంతటితో ఆగదు. వచ్చే ప్రతి జవాబునూ తొమ్మిది భాగిస్తోందని ఎవరో ఒకరు గమనిస్తారు. ఎందుకని అడిగితే బీజగణితం అవసరమవుతుంది: పెద్ద నుంచి చిన్నకు పేర్చిన అంకెలు a, b, c, d అనుకుంటే, తేడా 999(a−d)+90(b−c) అవుతుంది. ఆ పిల్లకు a, b, c, d అనే అక్షరాలు ఎందుకు పుట్టాయో అప్పుడు అర్థమవుతుంది. మరి మూడంకెల సంఖ్యలతో ఇదే ఆట ఆడితే ఎక్కడికి చేరతాం? జవాబు ఇక్కడ రాయడం లేదు. ఎవరికి వారు కాసేపట్లో పట్టుకోగలిగినదే.

గార్డ్‌నర్ శీర్షిక పాతికేళ్లపాటు అంతమందిని పట్టి ఉంచడానికి ఆయన తెలివైన రచన ఒక కారణమైతే, పత్రిక నడక ఇంకో కారణం. పజిల్ ఈ నెల వస్తే జవాబు చాలాసార్లు వచ్చే నెలలో వచ్చేది. పాఠకుడు కోరుకున్నా కోరుకోకపోయినా ఆలోచించక తప్పేది కాదు. మన భాషలో ఇంతకంటే పాత ఉదాహరణ ఉంది. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పదకొండో శతాబ్దంలో తెలుగు చేసిన పావులూరి మల్లన పేరు మీద ఒక పద్యం ప్రసిద్ధం. చదరంగం బల్ల మొదటి గడిలో ఒకటి, తర్వాతి గడిలో రెండు, ఆపైన నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్లకూ కలిపి ఎంత? జవాబులో 20 అంకెలు: 18446744073709551615. పద్యం వాటిని అంకెలుగా చెప్పదు. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, ఆకాశమంటే సున్న అని తెలిసినవాడు, అదీ చివరి అంకె నుంచి మొదటికి చదవాలని తెలిసినవాడు మాత్రమే విప్పగలడు. జవాబునే మరో పొడుపుగా మార్చి శ్రోత చేతిలో పెట్టాడు కవి. గణితాన్ని రంజకంగా చెప్పడం ఇంటర్నెట్ తెచ్చిన కొత్త మోజు అనేవారికి ఈ ఒక్క పద్యం చాలు.

వీడియోతో చిక్కల్లా అది ఆగకపోవడమే. డెరెక్ ముల్లర్, తర్వాత వెరిటాసియం ఛానెల్‌తో పేరు తెచ్చుకున్నాయన, 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో సమర్పించిన పరిశోధన వీడియో పాఠాల మీదే. భౌతికశాస్త్ర పాఠాన్ని తేటగా వివరించిన వీడియో చూసిన విద్యార్థులు బాగా అర్థమైందన్నారు గానీ పరీక్షలో వాళ్ల మార్కులు దాదాపు పెరగలేదు. సాధారణంగా అందరూ పొరబడే ఆలోచనలను ముందు వినిపించి, వాటితో వాదించిన వీడియో చూసినవాళ్లు గందరగోళంగా ఉందన్నారు, మార్కులు మాత్రం బాగా తెచ్చుకున్నారు. అది భౌతికశాస్త్రమే అయినా లెక్కలకు మరీ వర్తిస్తుంది. హాయిగా సాగిపోయిన వివరణ మనసును కదపదు.

తప్పులు చెప్పే వీడియోల సంగతేమిటన్నది న్యాయమైన అభ్యంతరం. 2019లో లోకమంతా వాదించుకున్న 8÷2(2+2) లాంటివి అసలు పజిళ్లే కావు. రాతలో స్పష్టత లేనందువల్ల ఒకరికి 16, ఒకరికి 1 వస్తాయి. అందులో కనిపెట్టాల్సింది ఏమీ లేదు, గొడవ తప్ప. కానీ 2014లో నంబర్‌ఫైల్ ఛానెల్, 1+2+3+… అని అనంతంగా కూడితే −1/12 వస్తుందని చూపించినప్పుడు జరిగింది వేరు. 1913లో ఇంగ్లిష్ గణితజ్ఞుడు హార్డీకి రాసిన ఉత్తరంలో రామానుజన్ కూడా ఆ ఫలితం ఇచ్చాడు. అయితే మామూలు కూడిక అర్థంలో అది నిజం కాదని గణితజ్ఞులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. మాథాలజర్ ఛానెల్ నడిపే బర్కార్డ్ పోల్‌స్టర్ 2018లో అడుగడుగునా తప్పెక్కడుందో చూపుతూ మరో వీడియో చేశారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన ఇంటర్ విద్యార్థికి, అనంత శ్రేణి అంటే ఎందుకు జాగ్రత్తపడాలో ఏ పాఠ్యపుస్తకం చెప్పనంత బలంగా తెలుస్తుంది.

పిల్లలు తమంతట తాము వీడియో ఆపరన్నది చివరి అభ్యంతరం, అన్నిటికంటే గట్టిది. నిజమే, ఒకటి అయ్యేలోగా ఇంకోటి వచ్చి పడుతుంది. పైగా తెలుగులో లెక్కల వీడియో అని వెతికితే ఎక్కువగా ఎదురయ్యేవి పోటీ పరీక్షల షార్ట్‌కట్లు. అవి ఆలోచించే వ్యవధిని తగ్గించడానికే పుట్టాయి. అందుకే ఈ పనిని ఫోనుకు కాదు, తరగతికి అప్పగించాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా ప్రభుత్వ బడుల్లోకి పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. వాటి మీద వీడియో ఆపే మీట మాస్టారి చేతిలో ఉంటుంది. ప్రశ్న పూర్తికాగానే ఆపి, పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి, జవాబు మర్నాటికో వచ్చే వారానికో వాయిదా వేస్తే గార్డ్‌నర్ పాఠకులకు దొరికిన గడువు మన పిల్లలకూ దొరుకుతుంది. సిలబస్ పూర్తికాదన్న భయంతో మాస్టార్లు ఆ ధైర్యం చేయలేకపోతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. వారానికి ఒక పీరియడును పజిళ్లకని టైంటేబుల్‌లోనే రాసిపెట్టి, ఆ గంటలో ఎన్ని లెక్కలు పూర్తయ్యాయని ఎవరూ అడగకూడదని పై అధికారులు మాట ఇవ్వాలి.