కంప్యూటరును లేపే మేస్త్రి



ఈ సంచికకు నేను కథ గాని, కవిత గాని రాయటం లేదు. మన కంప్యూటర్ గదిలో కిటికీ పక్కన ఉండే పాత కంప్యూటర్ గురించి, దాన్ని లేపే ఒక చిన్న ప్రోగ్రాం గురించి రాస్తున్నాను. ఆ ప్రోగ్రామును బూట్‌లోడర్ అంటారు. పేరు కొత్తగా ఉన్నా దాని పని మనకు కొత్త కాదు.

మిరప కోతలప్పుడు మా తండాలో తెల్లవారుజామున నాలుగింటికే ముఠా మేస్త్రి కేక వినపడుతుంది. మేస్త్రి కాయ కోయడు. కానీ ఎవరిల్లు ఎక్కడో, ఏ చేనుకు ఎంతమంది కావాలో ఆయనకు తెలుసు. అందరినీ లేపి, ఆటో ఎక్కించి, రైతుకు అప్పజెప్పి పక్కకు తప్పుకుంటాడు. ఆయన రాని రోజున చేలో కాయ పండే ఉంటుంది, ఇళ్లల్లో మనుషులూ ఉంటారు, పని మాత్రం జరగదు.

కంప్యూటర్‌లో కూడా ఇట్టాగే జరుగుతుంది. స్విచ్ వేయగానే మొదట బయోస్ లేస్తుంది. అది కీబోర్డు, మెమరీ అన్నీ ఉన్నాయా అని చూసుకొని, హార్డ్‌డిస్క్‌లో మొట్టమొదటి గడిని చదువుతుంది. ఆ గడి 512 బైట్లు మాత్రమే. అందులో 446 బైట్లు లేపే ప్రోగ్రాముకు, 64 బైట్లు డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తుకు. 446 బైట్లలో ఏం పడుతుంది? అందుకని అది తన వెనకాల ఉన్న పెద్ద ముక్కను పిలుస్తుంది. ఆ పెద్ద ముక్క మెనూ చూపించి, మనం కోరిన సిస్టమ్ యొక్క కెర్నెల్‌ను మెమరీలోకి తెచ్చి, దానికి పని అప్పజెప్పి తప్పుకుంటుంది. లైనక్స్‌లో ఎక్కువగా వాడే బూట్‌లోడర్ పేరు గ్రబ్. 1995లో ఎరిక్ బోలిన్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టారు. అంతకుముందు నుంచి ఉన్న లిలో అనే బూట్‌లోడర్ పని 2015తో ఆగిపోయింది.

ఇక మన పాత కంప్యూటర్ సంగతి. దాని మెమరీ 2 జీబీ, హార్డ్‌డిస్క్ 160 జీబీ. అందులో విండోస్ 7 ఉంది. దానికి కంపెనీ వారు 2020 జనవరితో మద్దతు ఆపేశారు. పైగా వైరస్ చేరింది. పెన్‌డ్రైవ్ పెడితే చాలు, అందులోని ఫోల్డర్లు మాయమై షార్ట్‌కట్లు మిగులుతున్నాయి. అయినా దాన్ని తీసి పారేయలేదు. ఎందుకంటే మన సీనియర్ అన్నలు, అక్కలు సెలవులకు వెళ్లినప్పుడు ఫోనులో రికార్డు చేసి తెచ్చిన పాటలు అందులో ఉన్నాయి. యానాదుల పాటలు, ఎరుకల పాటలు, చెంచుల పాటలు, మా సుగాలీల తీజ్ పాటలు కలిపి మొత్తం 43. అందులో మా అమ్మమ్మ పాడినది ఒకటి. మేము నానీ అంటాం. పోయినేడు చలికాలంలో ఆమె కాలం చేసింది. మా గోర్‌బోలీకి సొంత లిపి లేదు. నానీ పాట ఏ పుస్తకంలోనూ లేదు. ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు.

మన కంప్యూటర్ సార్ ఆలోచించి, ఇంజనీరింగ్ చదివే ఒక అన్నయ్యను పిలిపించారు. ఆయన విండోస్‌ను, పాటలను కదిలించకుండా డిస్కులో 20 జీబీ ఖాళీ చేసి, అందులో యాంటిక్స్ అనే తేలికపాటి లైనక్స్ ఎక్కించాడు. అది డెబియన్ మీద కట్టినది, పాత కంప్యూటర్ల కోసమే తయారుచేసినది, డబ్బు కట్టనక్కర్లేదు. అందరం చూస్తుండగానే నిమిషంలో లేచింది. మేము చప్పట్లు కొట్టాం. అన్నయ్య తన పెన్‌డ్రైవ్ జేబులో వేసుకొని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

మర్నాడు స్విచ్ వేస్తే మెనూ రాలేదు. నేరుగా పాత విండోస్ వచ్చింది. "లైనక్స్ పోయిందిరా" అన్నారు కొందరు. "పాటలు కూడా పోయుంటాయి" అన్నారు ఇంకొందరు. నాకు అన్నం సహించలేదు.

సార్ ఫోన్ చేసి కనుక్కుంటే సంగతి తెలిసింది. కంప్యూటర్‌లో డిస్కులకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని వరుసగా పేర్లు పడతాయి. ఆ రోజు పెన్‌డ్రైవ్‌కు ఎస్‌డీఏ అని, హార్డ్‌డిస్క్‌కు ఎస్‌డీబీ అని పడింది. గ్రబ్ వెళ్లి మొదటి దాంట్లో, అంటే పెన్‌డ్రైవ్‌లో కూర్చుంది. లైనక్స్ ఎక్కడికీ పోలేదు, డిస్కులోనే ఉంది. దాన్ని లేపే మేస్త్రి మాత్రం అన్నయ్య జేబులో బస్సెక్కి వెళ్లిపోయాడు!

ఇప్పుడు గ్రబ్‌ను హార్డ్‌డిస్క్ మొదటి గడిలో రాయాలి. అక్కడే అందరికీ భయం. పాటలున్న డిస్కు మీద చెయ్యి పెట్టొచ్చా? సార్ బోర్డు మీద ఆ 512 బైట్ల గడి గీసి చూపించారు. గ్రబ్ రాసేది ఆ 446 బైట్లలోనూ, దాని వెనక మొదటి భాగం మొదలయ్యే లోపున్న ఖాళీ చోటులోనూ. పాటలు అక్కడ ఉండవు. 64 బైట్ల పట్టిక మాత్రం పొలం గట్ల లెక్క వంటిది. అది చెడిపోతే ఎవరి చేను ఎక్కడిదో తెలియదు. గ్రబ్ దాని జోలికి పోదు. "అయినా ముందు పాటలు బయటికి తీయండి, తరువాతే మిగతాది" అన్నారు సార్.

మేము చేసిన పని వరుసగా రాస్తున్నాను, కావలసినవారు నోటుబుక్కులో ఎక్కించుకోండి.

ఒకటి. ఇంకో కంప్యూటర్‌లో యాంటిక్స్ పెన్‌డ్రైవ్ తయారుచేసి, దానితో పాత కంప్యూటర్‌ను లేపాం. దీన్ని లైవ్ అంటారు. డిస్కులో ఏమీ రాయకుండానే నడుస్తుంది.

రెండు. పాటల ఫోల్డర్ తెరిచాం. 43 పాటలూ ఉన్నాయి. విండోస్ వైరస్ లైనక్స్‌లో లేవలేదు. పాటలను ఒక శుభ్రమైన పెన్‌డ్రైవ్‌లోకి, మళ్లీ గదిలోని ఇంకో కంప్యూటర్‌లోకి కాపీ చేశాం.

మూడు. ఎల్ఎస్‌బీఎల్‌కే అనే ఆజ్ఞ కొట్టి డిస్కుల జాబితా చూశాం. పేరును నమ్మకూడదు, సైజును చూడాలి. 160 జీబీ డిస్కు అక్కడ 149 అని కనపడుతుంది, ఎందుకంటే ఆ ఆజ్ఞ 1000తో కాక 1024తో లెక్క కడుతుంది. దాన్నిబట్టి ఏది హార్డ్‌డిస్కో, ఏది పెన్‌డ్రైవో తేలిపోయింది.

నాలుగు. లైనక్స్ ఉన్న భాగాన్ని మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ అనే మూడింటినీ దానికి తగిలించి, సీహెచ్‌రూట్ అనే ఆజ్ఞతో దాని లోపలికి వెళ్లాం.

ఐదు. గ్రబ్-ఇన్‌స్టాల్ అని కొట్టి పక్కన హార్డ్‌డిస్క్ పేరు ఇచ్చాం. భాగం నంబరు ఇవ్వకూడదు, డిస్కు పేరే ఇవ్వాలి. తరువాత అప్‌డేట్-గ్రబ్ కొట్టాం. అది మెనూ తయారుచేస్తుంది. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్కనున్న విండోస్‌ను తనంతట తాను వెతకదు. మెనూలో విండోస్ రాకపోతే ఓఎస్-ప్రోబర్ అనే దాన్ని సెట్టింగుల ఫైలులో అనుమతించాలి.

ఆరు. పెన్‌డ్రైవ్ తీసేసి అప్పుడు మళ్లీ స్విచ్ వేయాలి. అది ఉండగా చూసే పరీక్ష పరీక్ష కాదు.

స్విచ్ వేశాం. నల్లటి తెర మీద మెనూ వచ్చింది. పైన యాంటిక్స్, కింద విండోస్. ఐదు సెకన్లకు లైనక్స్ తనే లేచింది. సార్ పాటల ఫోల్డర్ తెరిచి, "ఏది పెట్టమంటావురా?" అని నన్ను అడిగారు. నానీ పాట పెట్టమన్నాను. చివర్లో ఆమె దగ్గి, "ఇక చాలు, ఆపు" అని మా బాషలో అంటుంది. ఆ మాట కూడా ఉంది.

చిన్నవాళ్లకు రెండు జాగ్రత్తలు చెబుతాను. విండోస్ మళ్లీ ఎక్కిస్తే అది గ్రబ్‌ను తీసేసి తన మేస్త్రిని పెట్టుకుంటుంది. అప్పుడు పైన రాసిన వరుసే మళ్లీ చేయాలి. కొత్త కంప్యూటర్లలో బయోస్‌కు బదులు యూఈఎఫ్ఐ ఉంటుంది. అక్కడ బూట్‌లోడర్ మొదటి గడిలో కాక, దానికోసం వేరుగా ఉంచిన చిన్న భాగంలో ఫైలుగా ఉంటుంది. కాబట్టి ఈ కాగితం చూసి వాటి మీద చెయ్యి పెట్టకండి, సార్‌ను అడగండి.

ఇదంతా ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ల పని అని కొందరు అంటారు. లైనక్స్ లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూడొచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు. అట్టా మార్చుకొనే హైదరాబాదు నుంచి స్వేచ్ఛ అనే తెలుగు సిస్టమ్ తెచ్చారు. బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ అని కూడా తయారుచేశారు. మనలో చాలామంది ఇళ్లల్లో బడికి వచ్చిన మొదటివాళ్లం మనమే. మనల్ని కూడా ఎవరో ఒకరు లేపి, చెయ్యి పట్టి ఇక్కడ అప్పజెప్పి వెళ్లారు. మనకు చేతనైనంత మనమూ ఇంకొకరికి చేయాలి.

వార్డెన్ సార్ గారికి ఒక మనవి. 43 పాటల కాపీ ఒకటి ఆఫీసు బీరువాలో ఉంచవలసిందిగా కోరుతున్నాను. మిత్రులకు ఒక మాట. సంక్రాంతికి ఇళ్లకు వెళ్తున్నాం. కల్లాల దగ్గర మిరపకాయలు ఏరే అవ్వలను, తాతలను అడిగి తలా ఒక పాట తీసుకురండి. పాడినవారి పేరు, ఊరు తప్పక రాసుకోండి. 44వ పాట ఎవరు తెస్తారో చూద్దాం.