కాలక్షేపం పుస్తకాలు

సాహిత్యాన్ని గురించి గంభీరంగా మాట్లాడేవాళ్లు తీరిక వేళల్లో ఏం చదువుతారన్నది సాధారణంగా బయటికి రాదు. సభలో గోర్కీ పేరు చెప్పిన మనిషే రైలెక్కబోతూ స్టేషను దుకాణంలో ఒక డిటెక్టివ్ నవల కొనుక్కుంటాడు. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. పనిచేసి అలిసిన మనిషికి కాలక్షేపం కావాలి. నాకు ఉత్కంఠ నవలలంటే ఇష్టం, టెలివిజన్‌లో హాస్య ధారావాహికలంటే ఇష్టం, ప్రపంచం అంతమైపోయే కథలంటే మరీ ఇష్టం. ఐతే ఇష్టమని చెప్పి ఊరుకుంటే అది కబుర్లవుతుంది. ఎందుకిష్టమో, ఎంతవరకు ఇష్టమో చెప్పినప్పుడే విమర్శ మొదలవుతుంది.

ఇటువంటి రచనల విషయంలో మనలో రెండు వైఖరులున్నాయి. అదంతా చెత్త గనక చర్చించనక్కర్లేదని కొందరంటారు. జనం చదువుతున్నారు గనక అది మంచిదేనని మరికొందరంటారు. రెండూ ఆలోచనను తప్పించుకునే మార్గాలే. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలనూ, మధుబాబు షాడో నవలలనూ పాఠ్యపుస్తకాల చాటున పెట్టుకు చదివిన విద్యార్థులకు లెక్కలేదు. ఆ చదువు వాళ్లకు పుస్తకం పట్టే అలవాటు నేర్పింది. ఆ మేలు కాదనలేం. కాని అటువంటి కథలు ఎవరిని చూసి భయపడాలో, ఎవరిని నమ్మాలో కూడా నేర్పుతాయి. మన ఉపాధ్యాయులు పట్టించుకోనిది ఈ రెండో పాఠాన్నే.

మామూలు హత్యాకథ ఎలా నడుస్తుంది? ఒక పెద్దింట్లో హత్య జరుగుతుంది. అందరూ అనుమానితులే. చివరికి డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఒకణ్ణి వేలెత్తి చూపిస్తాడు. వాణ్ణి పోలీసులు తీసుకుపోతారు, తక్కినవాళ్లు కాఫీ తాగుతారు. హత్య ఆస్తి కోసం జరుగుతుంది గాని ఆస్తి మాత్రం ఎన్నడూ ముద్దాయి కాదు. లోకం సవ్యంగానే ఉంది, అందులో ఒక్క చెడ్డవాడు దూరాడు, వాణ్ణి ఏరివేస్తే చాలు: పాఠకుడికి మిగిలే తృప్తి ఇదే.

ఈ తృప్తిని పాడుచేసిన రచయితలే నాకు ఎక్కువ ఇష్టం. అమెరికన్ రచయిత డాషియల్ హామెట్ 1929లో ‘రెడ్ హార్వెస్ట్’ ప్రచురించాడు. అందులో ఒక గనుల యజమాని సమ్మె అణచడానికి బయటినుంచి రౌడీలను రప్పిస్తాడు. సమ్మె విరుగుతుంది. కాని రౌడీలు తిరిగి వెళ్లరు, ఊరినే పంచుకుంటారు. డిటెక్టివ్ వచ్చి వాళ్లలో వాళ్లకు తగువులు పెట్టి అంతం చేయిస్తాడు. ఊరు శుభ్రమయాక ఎవరి చేతికి పోతుంది? మళ్లీ ఆ ముసలి యజమాని చేతికే. హామెట్ స్వయంగా పింకర్టన్ డిటెక్టివ్ సంస్థలో పనిచేసినవాడు గనక ఈ వ్యాపారం లోగుట్టు అతనికి తెలుసు. 1951లో, కమ్యూనిస్టుల జామీను నిధికి చందాలిచ్చినవారి పేర్లు చెప్పనన్నందుకు అతనికి ఆరు నెలల జైలుశిక్ష పడింది.

ఇంగ్లీషు రచయిత ఎరిక్ ఆంబ్లర్ 1939లో రాసిన ‘ద మాస్క్ ఆఫ్ డిమిట్రియోస్’ కూడా ఈ కోవలోదే. ఒక డిటెక్టివ్ నవలా రచయిత ఒక నేరస్థుడి చరిత్ర తవ్వుకుంటూ పోతే, హత్యల వెనక మర్యాదస్తుల బ్యాంకు కనిపిస్తుంది. స్వీడన్‌లో మాయ్ షోవాల్, పెర్ వాలో 1965 నుంచి 1975 దాకా పది నవలలు కలిసి రాశారు. ఇద్దరూ మార్క్సిస్టులే. వాళ్ల మార్టిన్ బెక్ మహావీరుడు కాడు. జలుబుతో బాధపడతాడు, కాగితాలు తిరగేస్తాడు, నెలల తరబడి ఎదురుచూస్తాడు. పోలీసు కూడా ఒక జీతగాడే ఈ కథల్లో. సంక్షేమ రాజ్యమని పేరు పొందిన దేశంలో నేరం ఎక్కడ పుడుతుందో పదేళ్లపాటు ఓపికగా చూపించారు.

కాలక్షేపానికి ఇంత తర్కమెందుకని ఎవరైనా అడగవచ్చు. మన తెరమీదా, మన నవలల్లోనూ చాలాకాలంగా ఒక కథ నడుస్తోంది. కోర్టు ఆలస్యం చేస్తుంది, సాక్షులు అమ్ముడుపోతారు, చివరికి ఖాకీ చొక్కా కథానాయకుడు తుపాకితో న్యాయం చేస్తాడు, మనం చప్పట్లు కొడతాం. 2019 డిసెంబరులో, ఒక యువ వైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురు హైదరాబాదుకు దగ్గర్లో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులమీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, చంపే ఉద్దేశంతోనే ఆ కాల్పులు జరిపారని 2022లో తేల్చింది. ఆ యువతికి జరిగిన ఘోరం జనాన్ని కుదిపేసింది. ఆ ఆగ్రహం నిజమైనదే. కాని ఆగ్రహం విచారణను కోరకుండా తుపాకికి పూలెందుకు చల్లింది? ఏదో ఒక సినిమా చూసి జనం అలా చేశారని నేననను. కాని ఆ పూలు ఒక్కరోజులో పూసినవీ కావు.

ఇక హాస్యం. నవ్వుకు నేను మహా దాసుణ్ణి. కాని నవ్వు ఎవరి పక్షాన నిలుస్తుందో రచయిత చేతిలో కూడా ఉండదు. బ్రిటిష్ టెలివిజన్‌లో 1960లలో జానీ స్పైట్ ఆల్ఫ్ గార్నెట్ అనే జాతిద్వేషిని సృష్టించాడు. ప్రేక్షకులు వాణ్ణి చూసి నవ్వాలని అతని ఉద్దేశం. చాలామంది వాడితో కలిసి నవ్వారు. దాన్ని అనుసరించి అమెరికాలో 1971లో మొదలైన ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’ మీద పరిశోధకులు 1974లో ఒక అధ్యయనం ప్రకటించారు. ద్వేషభావాలున్న ప్రేక్షకులు తమ భావాలకు అందులో బలమే చూసుకున్నారని అది చెప్పింది. 1980లో మొదలైన ‘యెస్ మినిస్టర్’ నాకు పరమ ప్రీతి. ఆ అధికారి మెలికల వాక్యాలు ఎన్నిసార్లు విన్నా విసుగు రాదు. ఐతే మార్గరెట్ థాచర్‌కు కూడా అది ప్రీతే! ఆమె ఎందుకు మెచ్చిందో ఆలోచిస్తే తెలుస్తుంది: ప్రభుత్వమంటే గుమాస్తాల ఎత్తులేననీ, అది ఎవరికీ ఏ మేలూ చెయ్యలేదనీ తేల్చడం ఆమెకు కావలసిన మాటే. ఆసుపత్రి, బడి కావలసిన జనం ఆ గదుల్లోకి దాదాపు అడుగుపెట్టరు.

తెలుగులో 2001 నుంచి 2007 దాకా వచ్చిన ‘అమృతం’ నాకు వేరే కారణానికి నచ్చింది. ఇద్దరు స్నేహితులు హోటలు పెట్టి, తొందరగా పైకి రావాలని వారం వారం ఒక ఎత్తు వేస్తారు. ప్రతి ఎత్తూ బెడిసికొడుతుంది. ఇక్కడ నవ్వు బలహీనుడిమీద పడదు; చిన్న యజమాని పెద్ద ఆశమీద పడుతుంది. మన మధ్యతరగతి తన్ను తాను చూసి ఇంత చల్లగా నవ్వుకోవడం అరుదు.

ప్రళయం కథల్లో రచయిత అసలు రూపం దాగదు. లోకమంతా కూలిపోయాక ఎవర్ని మిగుల్చుకుంటాడో, ఎవర్ని చూసి జడుసుకుంటాడో చూడండి. జాక్ లండన్ 1912లో రాసిన ‘ద స్కార్లెట్ ప్లేగ్’లో 2013లో మహమ్మారి వస్తుంది. బతికిన ఒక సాహిత్యాచార్యుడు ముసలితనంలో మనవలకు ఆ కథ చెబుతాడు. కోట్లమంది పోయినందుకంటే, ఒక కోటీశ్వరుడి భార్య ఒక కారు డ్రైవరుకు వండిపెట్టవలసి వచ్చినందుకు అతను ఎక్కువ కుమిలిపోతున్నట్టు కనిపిస్తాడు. ఆ డ్రైవరు క్రూరుడే. కాని ఆచార్యుల కన్నీళ్లలో వర్గం ఎంతో జాక్ లండన్‌కు తెలుసు. నెవిల్ షూట్ 1957లో రాసిన ‘ఆన్ ద బీచ్’లో అణుయుద్ధం తరువాత విషధూళి మెల్బోర్న్‌వైపు వస్తూంటుంది. మనుషులు తోటపని చేసుకుంటూ, ప్రభుత్వమిచ్చిన మాత్రలు మింగి మర్యాదగా చచ్చిపోతారు. చదువుతూంటే గుండె బరువెక్కుతుంది. కాని ఆ మర్యాద నన్ను భయపెట్టినంతగా ఆ ధూళి భయపెట్టలేదు.

ఆక్టేవియా బట్లర్ అనే నల్లజాతి అమెరికన్ రచయిత్రి 1993లో ‘పారబుల్ ఆఫ్ ద సోయర్’ రాసింది. కథ 2024లో మొదలవుతుంది. ప్రహరీల వెనక దాక్కున్నవాళ్ల ఇళ్లు కాలిపోతాయి. కంపెనీలు అన్నం పెడతామని ఊళ్లకు ఊళ్లనే కొంటాయి. దిక్కులేని జనం రహదారి వెంట ఉత్తరదిక్కుగా నడుస్తారు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మన రహదారులమీద వలసకూలీలు మూటలెత్తుకుని నడిచారు. ప్రళయం వచ్చినప్పుడు ఎవరు నడుస్తారో బట్లర్‌కు ముందే తెలుసు. ఆమెకు జ్యోతిషం వచ్చి కాదు. కాయకష్టం చేసేవాళ్ల మధ్య పుట్టిపెరిగింది గనక.

అంచేత విద్యార్థి చేతిలోని కాలక్షేపం పుస్తకాన్ని లాక్కోవద్దని ఉపాధ్యాయులకు నా మనవి. లాక్కుంటే మరో చోట చదువుకుంటాడు, మనతో మాత్రం మాట్లాడడు. వీలైతే మనమూ ఆ పుస్తకం చదివి, ఈ కథలో నువ్వు ఎవరి చావుకు సంతోషించావని అడగాలి. జవాబు వెంటనే రాకపోవచ్చు. ఆ ప్రశ్న ఎదురయాక కూడా పుస్తకం రుచి తగ్గకపోతే, అది మంచి పుస్తకమే.