నౌపడా చిన్న రైలు

మద్రాసు వీధుల్లో 1895లో కరెంటు ట్రాములు తిరగడం మొదలైంది. ఐదేళ్లు గడిచాయో లేదో, అదే మద్రాసు రాష్ట్రం కొసన ఉన్న గంజాం జిల్లాలో ఒక చిన్న రైలు కూత పెట్టింది. ట్రాములు 1953లో ఆగిపోయాయి. చిన్న రైలు మాత్రం 2004 దాకా తిరిగింది.

పెద్ద లైను 1890లలో పలాస, నౌపడా మీదుగా పడింది. పర్లాకిమిడి రాజావారి కోటకు అది 40 కిలోమీటర్ల దూరంలో ఉండిపోయింది. దాంతో జమీందారు గౌరచంద్ర గజపతి సొంత ఖర్చుతో పట్టాలు వేయించుకోదలిచారు. 1898లో అనుమతి వచ్చింది. సుమారు ఏడు లక్షల రూపాయలతో, పట్టాల మధ్య రెండున్నర అడుగుల ఎడంతో లైను పూర్తయి, 1900 ఏప్రిల్ 1న బండి కదిలింది. నౌపడాలో పెద్ద రైలు దిగినవాళ్లు ఇందులోకి మారి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరేవారు. తొలి ఏళ్లలో నష్టాలే మిగిలాయి. 1920లలో లాభాలు పెరిగాక లైనును పొడిగించారు. 1931కి అది వంశధార ఒడ్డున ఉన్న గుణుపురం చేరి 90 కిలోమీటర్లయింది.

1936లో, మళ్లీ ఏప్రిల్ 1నే, ఒరిస్సా ఏర్పడింది. పర్లాకిమిడి అటు పోయింది, టెక్కలి, పాతపట్నం ఇటు మద్రాసు రాష్ట్రంలో మిగిలాయి. గౌరచంద్రుని కుమారుడు కృష్ణచంద్ర గజపతి మరుసటి ఏడాది ఒరిస్సా తొలి ప్రధాని అయ్యారు. పొలిమేర మారినా బండి మారలేదు. సంతలూ, చుట్టరికాలూ దాని మీదే సాగాయి.

ఈ లైను కొండ వైపు వెళ్లింది. సముద్రం వైపున్న ఉద్దానం ప్రాంతానికి అలాంటి చిన్న రైలు ఎప్పుడూ రాలేదు. కవిటి, వజ్రపుకొత్తూరు తోటల కొబ్బరి, జీడిపిక్కలు రోడ్డు మీదే కదిలాయి. ఆ పిక్కలను పప్పు చేసే పని పలాస-కాశీబుగ్గది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ చెట్లను కూల్చింది. కిడ్నీ జబ్బు అంతకుముందే అక్కడి ఇళ్లను పీల్చి పిప్పి చేసింది. బతుకుతెరువుకు వలస వెళ్లేవాళ్లు పలాసలోనే పెద్ద రైలెక్కుతారు.

2011 నాటికి చిన్న లైను స్థానంలో గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ వచ్చింది. చలికాలంలో వెళితే నౌపడాలో దిగి ఉప్పుమళ్లు, దగ్గరలోని తేలినీలాపురంలో వలస పక్షులు చూడండి. ఆ తర్వాత గుణుపురం బండెక్కండి. ఈ సీమ గురించి పుస్తకం కంటే ఆ 90 కిలోమీటర్లే ఎక్కువ చెబుతాయి.