అప్పు పద్దు

మా పాప మూడో తరగతిలో ఉన్నప్పుడు నోటుబుక్కు నిండా ఎర్రసిరా గీతలే. ‘తల్లేమో తెలుగులో డాక్టరేట్, కూతురికి ఒత్తులు రావు’ అని బంధువుల ఎత్తిపొడుపులు. వాళ్ల నాన్నని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ ఉక్రోషమంతా పాపమీదే తీర్చుకున్నాను. ఒక్కో మాట ఇరవైసార్లు రాయించాను. రాయించేకొద్దీ దాని వేళ్లు పెన్సిల్ మీద బిగుసుకుపోయేవి. రాత మాత్రం రాలేదు.

పరీక్షలు చేసి డిస్‌గ్రాఫియా అన్నారు. తెలివికీ దీనికీ సంబంధం లేదన్నారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఇలాంటి అభ్యసన వైకల్యాల ఊసే లేదు, 2016 చట్టం వచ్చాకే వీటికి చోటు దొరికింది. మన లిపి కూడా తక్కువదేం కాదు. గుడి పైన, కొమ్ము పక్కన, ఒత్తు కింద. చెప్పాలనుకున్నది మనసులో నిలుపుకుంటూనే ఇవన్నీ చేత్తో కూర్చాలి. అలవాటైనవాళ్లకి కనిపించని చాకిరీ అది, వంటపనిలాగే.

ఒక సెలవురోజు పాప కిరాణాకొట్టు పెట్టింది. నేను బేరానికెళ్లి, డబ్బుల్లేవు, పద్దు రాసుకోమన్నాను. పలక తీసి ‘అమ ఉపు 2 కేజిలు’ అని రాసింది. దిద్దబోయి ఆగాను. మర్నాడు బాకీ కట్టమంది.

‘నేను ఉప్పు కొన్నానండీ, ఉపు కాదు. కట్టను’ అన్నాను.

పలకకేసి కాసేపు చూసి, తనే కింద ఒత్తు పెట్టి, ‘ఇప్పుడు కట్టండి’ అంది.

పిల్లల ఉత్తుత్తి ఆటలూ, బొమ్మగీతలూ, రాతా ఒకే దారిలో మజిలీలని వైగాత్‌స్కీ అన్నాడు. పీహెచ్‌డీలో ఫుట్‌నోటుకి వాడుకున్నాను, ఇంట్లో గుర్తురాలేదు. మా అమ్మ అవేవీ చదవకుండానే ముగ్గుపిండితో గచ్చుమీద మూరెడేసి అక్షరాలు వేయించింది. ముగ్గుల్ని వదిలించుకోవడమే విముక్తి అనుకున్న నేను గడపలో నిలబడి చూశాను.

ఆట మందేమీ కాదు. ఆట ముసుగులో కాపీ రాయించబోతే పాప రెండు నిమిషాల్లో పసిగట్టి లేచిపోయింది. పరీక్షల్లో అదనపు సమయం ఇప్పటికీ కావాలి, సర్టిఫికెట్ పట్టుకుని తిరిగేది ఇప్పటికీ నేనే.

మొన్న కొట్టు నుంచి నోటీసొచ్చింది, నాలుగు వాక్యాలు. బాకీ నూటనలభై రూపాయలట. ‘వడ్డీ’కి ఒత్తు ఉంది. ‘అమ్మ’కి లేదు. నేనింకా అడగలేదు.